భూత్‌నాథ్‌కు ఇద్దరు తండ్రులు

నౌగఢ్ పేరు ఎక్కడ విన్నా నాకు రెండు విషయాలు ఒకేసారి గుర్తొస్తాయి. ఒకటి, 2004 నవంబరులో అక్కడి అడవుల్లో నక్సలైట్లు పేల్చిన మందుపాతర, చనిపోయిన పోలీసులు. రెండోది వీరేంద్ర సింగ్ ప్రేమ. మొదటిది వార్త. రెండోది నూరేళ్లు దాటిన కట్టుకథ. వారణాసి నుంచి విడదీసి 1997లో ఏర్పాటు చేసిన చందౌలీ జిల్లాలోని ఈ వెనకబడిన ప్రాంతం ఎక్కువమంది భారతీయులకు తెలిసింది మాత్రం రెండోదాని వల్లే.

1994లో దూరదర్శన్‌లో ఆదివారం పొద్దున 'చంద్రకాంత' సీరియల్ చూసిన తెలుగువాళ్లు తక్కువేమీ కాదు. హిందీ సగమే అర్థమైనా క్రూర్ సింగ్ కనుబొమలు అర్థమయ్యేవి. నౌగఢ్ రాకుమారుడు, విజయగఢ్ రాకుమారి, మధ్యలో అడ్డుపడే మంత్రి కొడుకు, వేషాలు మార్చే అయ్యార్లు. మనకిదేం కొత్త కాదు. మధిర సుబ్బన్న దీక్షితులు 'కాశీ మజిలీ కథలు', వాటి చలవతో వచ్చిన 'పాతాళ భైరవి', చందమామలో దాసరి సుబ్రహ్మణ్యం సీరియళ్లు మన ఇళ్లలో ఉన్నవే. మనవాళ్లు కాశీకి వెళ్లే దారిలో కథలు అల్లుకుంటుంటే, కాశీలో కూర్చుని ఒకాయన ఈ కథ అల్లాడన్నమాట.

ఆయన దేవకీనందన్ ఖత్రీ. పుట్టింది బీహార్‌లో, 1861లో. కాశీ మహారాజు అడవుల్లో, చకియా, నౌగఢ్ ప్రాంతాల్లో కాంట్రాక్టు చేశాడు. పాడుబడిన కోటలు, కొండ గుహలు, వాగులు అక్కడే చూశాడు. కాంట్రాక్టు పోయింది, కోటలు మిగిలాయి. నాలుగు భాగాల 'చంద్రకాంత' అలా వచ్చింది. జనం ఎగబడి చదివారు. దాని వెనకే ఆ దంపతుల కొడుకులు ఇంద్రజిత్, ఆనంద్ సింగ్‌ల సాహసాలతో 24 భాగాల 'చంద్రకాంతా సంతతి'. మధ్యలో 1898లో సొంతంగా లహరీ ప్రెస్ పెట్టుకున్నాడు. ఇక మూడోది, ఈ వరసకు ముగింపుగా తలపెట్టినది 'భూత్‌నాథ్'. అందులో ఆరు భాగాలు రాసి 1913 ఆగస్టు 1న కన్నుమూశాడు.

నాకు ఈ మూడింటిలో అన్నిటికన్నా ఆసక్తిగా అనిపించేది ఆ చివరిదే. మామూలుగా ఇలాంటి మహాగాథల్లో చివరి నవలంటే ఏముంటుంది? పెద్ద యుద్ధం, పెళ్లి, పట్టాభిషేకం. ఖత్రీ ఆ పనులన్నీ 'సంతతి'లోనే ముగించేశాడు. ప్రేమికులు ఒకటయ్యారు, తిలిస్మ్ తలుపులు తెరుచుకున్నాయి, మాయలుగా కనిపించినవన్నీ పూర్వీకులు అమర్చిన యంత్రాలేనని తేలిపోయింది. మిగిలింది ఒక్క మనిషి. భూత్‌నాథ్ అనే గదాధర్ సింగ్. గొప్ప అయ్యార్. స్పృహ తప్పించే మందులు, తాళ్లు, వేషాల సామాను నిండిన సంచీతో ఎవరినైనా బురిడీ కొట్టించగలవాడు. అయితే పాత పాపాల తాలూకు కాగితాలు ఎవరి చేతిలోనైనా కనబడితే వణికిపోతాడు. రాజు ఎదుట అతని మీద విచారణ జరుగుతుంది. చివరికి క్షమాపణ దొరుకుతుంది.

అంటే పాఠకుడికి ముగింపు ముందే తెలుసు. చివరి నవల వెనక్కి నడుస్తుంది. దయారామ్ చావుకు కారకుడన్న నింద అతని మీద ఎలా పడింది, ఆయన భార్యలు జమున, సరస్వతి పగ ఎలా పట్టారు, మంచివాడు కావాలనుకుంటూనే మనిషి ఎలా దిగజారాడు అన్నది కథ. క్షమించేశాక నేరాన్ని చూపించడమన్నమాట. అద్భుత ప్రేమగాథగా మొదలైన వరస ఒక దోషి జీవిత చరిత్రగా ముగియడం ఆ రోజుల్లో సాహసమే. అసలు పుస్తకం పేరులోనే జీవనీ అన్న మాట ఉంది.

తండ్రి పోయేనాటికి దుర్గాప్రసాద్ ఖత్రీకి ఇరవై ఏళ్లు కూడా నిండలేదు. ప్రెస్ ఉంది, పాఠకులు ఉన్నారు, సగంలో ఆగిన కథ ఉంది. మిగిలిన 15 భాగాలూ ఆయనే రాసి 21 భాగాలతో 'భూత్‌నాథ్' పూర్తిచేశాడు. మొత్తం మూడు నవలల్లో కలిపి లెక్కేస్తే 49 భాగాల్లో తండ్రివి 34. కానీ ముగింపు పుస్తకంలో మాత్రం కొడుకుదే పెద్ద వాటా.

ఏళ్ల క్రితం మొఘల్‌సరాయ్ స్టేషన్‌లో (ఆ పేరు 2018లో మారింది) పుస్తకాల స్టాల్‌లో ఈ సంపుటాలు కొన్నాను. ఆరో భాగం ముగిసి ఏడోది మొదలయ్యే చోట ప్రత్యేకంగా ఆగి చూశాను. అతుకు దొరకలేదు. నా హిందీ అంతంతమాత్రం కావడం కూడా కారణం కావచ్చు. కానీ అతుకు కనబడకుండా రాయడం మనకు తెలిసిన విద్యే. నన్నయ విడిచిన అరణ్యపర్వ శేషాన్ని పూరించిన ఎర్రన దాన్ని తన పేరున కాక నన్నయ పోషకుడు రాజరాజనరేంద్రుడికే అంకితం చేశాడు. దుర్గాప్రసాద్‌కు సొంత గొంతు లేదనుకుంటే పొరపాటు. 'రక్త మండల్' లాంటి నవలల్లో బ్రిటిష్ ప్రభుత్వాన్ని కూలదోసే విప్లవకారుల కథలు రాసింది ఆయనే. తండ్రి కథలో మాత్రం దాన్ని పక్కనపెట్టాడు.

ఇలా చేతులు మారడం ఈ బాపతు కథలకు అలవాటే. ఖత్రీకి దారి చూపిన ఉర్దూ దాస్తాన్ 'తిలిస్మ్-ఎ-హోష్‌రుబా' లక్నోలో నవల్ కిశోర్ ప్రెస్ నుంచి 1883లో మొదలై వెలువడింది. తొలి నాలుగు సంపుటాలు ముహమ్మద్ హుసేన్ జాహ్ రాస్తే తరువాతవి అహ్మద్ హుసేన్ ఖమర్ రాశాడు. అమెరికాలో రాబర్ట్ జోర్డాన్ 2007లో చనిపోతే 'వీల్ ఆఫ్ టైమ్' వరసను బ్రాండన్ శాండర్సన్ 2013లో ముగించాడు. అక్కడ రచయిత భార్య, ప్రచురణకర్త కూర్చుని రచయితను ఎంచుకున్నారు. కాశీలో ఆ ఎంపిక బెడద లేకపోయింది.

ఇదంతా పాత పుస్తకాల మీద మోజని కొట్టిపారేసేవాళ్లకు ఒక మాట. హిందీ వ్యాప్తి గురించి మనం ఇప్పుడు కూడా కొట్లాడుకుంటున్నాం. 1900 ఏప్రిల్‌లో మెక్‌డోనెల్ ప్రభుత్వం కచేరీల్లో నాగరి లిపిని అనుమతించింది. దానికోసం ఉద్యమాలు, అర్జీలు, దానిమీద ఉర్దూవాదుల ఆగ్రహం అన్నీ చరిత్ర పుస్తకాల్లో ఉన్నాయి. కానీ ఆ ఉత్తర్వుకు ముందే ఉర్దూ మాత్రమే వచ్చినవాళ్లు 'చంద్రకాంత' కోసం నాగరి అక్షరాలు దిద్దుకోవడం మొదలైంది. ఈ మాట అన్నది ఖత్రీ అభిమాని కాదు. హిందీ సాహిత్య చరిత్ర రాసిన ఆచార్య రామచంద్ర శుక్ల. 1929 నాటి ఆ గ్రంథంలోనే, ఖత్రీ నవలలు సంఘటనల గుట్టలే తప్ప సాహిత్యం కాదని కూడా తేల్చేశాడు. పాఠకులను పుట్టించినందుకు మెచ్చుకున్నాడు, పంక్తిలో ఆకు మాత్రం వేయలేదు. మన దగ్గర కొమ్మూరి సాంబశివరావుకు జరిగిన మర్యాదా ఇంతకన్నా ఎక్కువేం కాదు.

శుక్ల తీర్పు మొదటి నవలకు కొంతవరకు సరిపోవచ్చు. అక్కడ మనుషుల కన్నా మలుపులే ఎక్కువ. 'భూత్‌నాథ్' విషయంలో నేను ఒప్పుకోను. చేసిన తప్పు కప్పిపెట్టడానికి ఇంకో తప్పు చేస్తూ పోయే మనిషిని పేజీల కొద్దీ వదలకుండా వెంటాడటం సంఘటనల గుట్ట కాదు. అధికారానికి దగ్గరగా మసిలే గూఢచారి పాత ఫైలు ఎక్కడ బయటపడుతుందోనని బతకడం రాజకీయ వార్తలు రాసే నాకు కల్పనగా అనిపించదు.

ఇంతకీ అది చివరి నవల అయిందా అంటే, కాలేదు. దుర్గాప్రసాద్ ఆ తరువాత అదే కథను సాగదీస్తూ 'రోహతాస్ మఠ్' రెండు ఖండాల్లో రాశాడు. నేను కొన్నప్పుడు స్టాల్ పెద్దాయన అది కూడా తీసి బల్లమీద పెట్టాడు. బ్యాగులో చోటు లేదన్నాను. మళ్లీ ఈ దారిన వస్తారుగా అని తీసి లోపల పెట్టేశాడు.