పెట్టె సర్దే విద్య

మొన్న గద్వాలలో బంధువుల పెళ్ళి. నల్లగొండలో మా పెద్దన్నయ్య యింటినుంచి అందరం కలిసి బయలుదేరాము. వదినె చీరలన్నీ మంచంమీద పోసుకొని ఒక్కొక్కటే పెట్టెలో కుక్కుతున్నది. సగం చీరలు కూడా పట్టకముందే మూత పడనని మొరాయించింది. హైదరాబాదులో కంప్యూటరు వుద్యోగం చేస్తున్న మా మేనకోడలు అన్నీ బయటికి తీసింది. ఒకే కొలతకు మడతలు వేసి, పట్టువి ఒకవైపు, నూలువి ఒకవైపు పేర్చింది. అదే పెట్టె, అవే చీరలు. మూత సుఖంగా పడింది.

“మా ఆఫీసులో నా పనీ యిదే అత్తమ్మా! పెట్టెలో పెట్టేముందు మడత పెట్టడం,” అన్నది.

“అక్కడ చీరలెక్కడివే?” అన్నాను. దారిపొడుగునా ఆ సంగతి చెప్పుకొచ్చింది. మీకూ పనికివస్తుందని రాస్తున్నాను.

లక్షల వరుసల లెక్కలను కంప్యూటరులో తక్కువ జాగాలో దాచడానికి కుదిస్తారు. ఒకే మాట మళ్ళీ మళ్ళీ వస్తుంటే దానిని ఒక్కసారి రాసి, “యిన్నిసార్లు” అనుకోవడమే అందులోని కిటుకు. కాని లెక్కలను వున్నవి వున్నట్టుగా యిస్తే ఆ పోలికలు యంత్రానికి సులభంగా దొరకవు. ముందుగా వాటి రూపం మార్చి యివ్వాలి.

మనకు తెలిసిన పహాణీనే తీసుకుందాం. అడ్డంగా చదివితే సర్వే నంబరు, పట్టాదారు పేరు, విస్తీర్ణం, పంట, నీటి ఆధారం వస్తాయి. ఒక గడికీ పక్క గడికీ పోలికే లేదు. నిలువుగా చదవండి: వరి, వరి, వరి, వరి! నలభైసార్లు రాయడమెందుకు? “వరి, 40” అంటే చాలదూ? యిది మొదటి మడత.

రెండవది, పేరుకు బదులు అంకె. యిప్పుడు అంతటా వాడుకలో వున్న యూటీఎఫ్-8 పద్ధతిలో ఒక్కొక్క తెలుగు గుర్తుకు 3 బైట్ల జాగా కావాలి. “నల్లగొండ” అన్న మాటలో వత్తులు, గుణింతాలు, సున్నా అన్నీ విడదీస్తే 8 గుర్తులు, అంటే 24 బైట్లు. లక్ష వరుసల్లో రాస్తే 24 లక్షల బైట్లు! తెలంగాణాలో జిల్లాలు 33. ఒక్క బైటులో 256 వేర్వేరు అంకెలు పడతాయి. జిల్లాకొక అంకె యిచ్చి, పేర్ల పట్టిక ఒకటి పక్కన పెట్టుకుంటే లక్ష బైట్లతో సరి.

మూడవది తేడా. నాగార్జునసాగర్ నిండు మట్టం 590 అడుగులు. మాటవరసకు నాలుగు రోజుల మట్టాలు 588.20, 588.10, 588.10, 587.90 అనుకోండి. మొదటి రోజుది పూర్తిగా రాసి, తరువాత “10 తక్కువ, సున్న, 20 తక్కువ” అంటే సరిపోతుంది. అంకె చిన్నదైతే జాగా తక్కువ. అయితే మొదటి అంకె పోతే వెనుకవన్నీ వ్యర్థమే. అందుకని మధ్య మధ్య పూర్తి అంకెను మళ్ళీ రాసుకుంటారు.

మాటల విషయంలోనూ యింతే. 1994లో బరోస్, వీలర్ అనే యిద్దరు పండితులు ఒక పద్ధతి ప్రకటించారు. అది అక్షరాలను అటూ యిటూ జరుపుతుందే కాని ఒక్క అక్షరాన్నీ తగ్గించదు. జరిపిన తరువాత ఒకేరకం అక్షరాలు పక్కపక్కన చేరతాయి. అప్పుడు కుదించడం తేలిక. చిత్రమేమంటే, ఆ కలగాపులగంలోనుంచి అసలు పాఠం అక్షరం పొల్లుపోకుండా తిరిగి వస్తుంది!

అంతవరకు కిటికీలోంచి చూస్తూ కూర్చున్న అన్నయ్య యిటు తిరిగాడు. గిర్దావరుగా చేసి రిటైరైన మనిషి. “కుదించుడంటే కొన్ని తీసేసుడే గద బిడ్డా?” అన్నాడు.

“కాదు బాపూ. విప్పితే మళ్ళీ అన్నీ వున్నట్టే రావాలి. నిలువుగా విడదీసినా ఐదో పేరు, ఐదో విస్తీర్ణం, ఐదో పంట ఒకే వరుసకు చేరాలి. ఒక్క గడి జరిగిందంటే ఒకరి భూమి యింకొకరి పేర పడుతుంది.”

“మరి అనుభవదారు కాలమ్ ఏమాయె?”

అమ్మాయి మాట్లాడలేదు. 1954-55 నాటి ఖాస్రా పహాణీ కోసం ఊళ్ళలో యీనాటికీ వెతుకుతారు. పట్టా ఎవరిదో చెప్పడంతోపాటు, భూమి ఎవరి అనుభవంలో వున్నదో కూడా పహాణీ చెప్పేది. 2020లో ధరణి వచ్చాక పహాణీలో ఆ కాలమ్ కనిపించకుండా పోయింది. అది వుంటే పట్టాదారులకు చిక్కులు వస్తాయని అప్పటి సర్కారు వాదన. అది పోతే తమ సాగుకు సాక్ష్యమేదని కౌలుదారుల గోడు. 2025లో ధరణి స్థానంలో భూభారతి వచ్చింది. ఆ తగవు తీర్చడం నా పని కాదు. ఒక్కటి మాత్రం చెప్పగలను. జాగా కోసం మడతపెట్టినది ఎప్పుడైనా విప్పుకోవచ్చు. తీసేసిన గడిని ఏ యంత్రమూ విప్పి చూపలేదు.

గద్వాల చీర మడిస్తే అగ్గిపెట్టెలో పడుతుందంటారు. అది నేతగాని గొప్ప. పెట్టెలో పట్టలేదని కొంగు కత్తిరించి పెట్టేవాళ్ళను మాత్రం ఎవరూ నేర్పరులనరు.

మీరు కూడా యింటి లెక్కలో, సంఘం జాబితాలో కంప్యూటరుకెక్కించి కుదించి దాచుకుంటూ వుంటే, పాత పుస్తకం పారేసేముందు ఒక్కసారి విప్పి చూడండి. చివరి గడిదాకా సరిపోయిందా? అప్పుడే పెట్టెకు తాళం వేయండి.