ఉద్యోగం విడిచిన మర్నాడు

మన చిక్కబళ్లాపురం, బాగేపల్లి, చింతామణి ప్రాంతాల తెలుగిళ్ళలో ఆడపిల్ల పెళ్ళికి పదేళ్ళ ముందునుంచే లెక్క వేస్తారు. ఇంటి పెద్ద ఉద్యోగం విడిచే రోజుకు మాత్రం లెక్క వేసేవారు అరుదు. విచిత్రమేమంటే, ఆ తేదీ ఉద్యోగంలో చేరిననాడే తెలిసిపోతుంది. పుట్టిన తేదీ సర్వీసు పుస్తకంలో ఎక్కిందంటే ముహూర్తం పెట్టినట్లే. 2008లో రాష్ట్ర సర్కారు 58ని 60 చేసి రెండేళ్ళ గడువిచ్చింది. ఆ గడువునూ చాలామంది అప్పులకే ఖర్చుపెట్టారు.

మన తండ్రుల కాలపు గుమాస్తాకు చివరి జీతంలో సగందాకా పింఛను వచ్చేది. ఆయన తరువాత భార్యకు కుటుంబ పింఛను వుండేది. 2006 ఏప్రిల్ 1 తరువాత చేరిన నావంటివారిలో అధిక భాగం కొత్త పథకం కింద వున్నాము. మన జీతంలో కొంత, సర్కారు వంతు కొంత పోగవుతుంది. నిధి ఎంత పెరిగితే పింఛను అంత. ప్రైవేటు కంపెనీలవారి 1995 నాటి పథకంలో కనీస పింఛను, 2014లో నిర్ణయించినది, నెలకు 1,000 రూపాయలు. శిడ్లఘట్టలో పట్టు తీసేవారికి, చింతామణి మండీలో టమాటా బుట్టలు మోసేవారికి చాలామందికి అదీ లేదు.

అట్టివారికి 2015లో వచ్చిన అటల్ పింఛను యోజన వున్నది. ఆదాయపు పన్ను కట్టనివారు, 18 నుంచి 40 ఏళ్ళలోపువారు చేరితే 60 నిండాక నెలకు 1,000 నుంచి 5,000 వరకు వస్తుంది. నలభై దాటితే తలుపు మూసినట్లే. కనుక కొడుకులకేగాదు, కోడళ్ళకూ చెప్పండి. ఇంటి ఇల్లాలికి పదవీ విరమణ ఏ గెజెట్టులోనూ రాలేదు గదా!

చేతికి ఒక్కసారిగా డబ్బు వచ్చిన నెలలో చుట్టాలు ఎక్కువవుతారు. ఇల్లు కొడుకు పేర రాయదలిస్తే, కడదాకా చూసుకోవాలన్న షరతు ఆ పత్రంలోనే రాయించండి. షరతు తప్పితే ఆ దానపత్రాన్ని రద్దు చేయించుకునే దారి 2007 నాటి వృద్ధుల పోషణ చట్టంలో వున్నది. ఇది కొడుకుపై అపనమ్మకం కాదు. కాగితం సరిగా వుంటే మనసులు చెడవు.

ఇక కాలక్షేపం. మన ముద్దేనహళ్ళి విశ్వేశ్వరయ్యగారు 1918లో దివాన్‌గిరీ విడిచారు. 1962లో కన్నుమూసేదాకా నలభైమూడేళ్ళకు పైగా ఖాళీగా కూర్చున్నది లేదు. 1923లో భద్రావతి ఇనుప కర్మాగారం బాధ్యత నెత్తికెత్తుకున్నారు. మనకు భద్రావతి అక్కరలేదు. ముప్ఫయ్యేళ్ళు అర్జీలు రాసిన చేయి, వారానికొక పూట వీధిలోని ముసలమ్మకు సంధ్యా సురక్ష అర్జీ రాసిపెడితే చాలు.

ఈ నెలలో ఒక్క పని చేయండి. మీ సర్వీసు కాగితాలలో, బ్యాంకు పుస్తకంలో నామినీ ఎవరో చూసుకోండి. పెళ్ళికి ముందు రాసిన తల్లి పేరే ఇంకా వుంటే, రేపే ఆఫీసుకు వెళ్ళి ఇల్లాలి పేరు రాయించండి.