పరీక్షకు ముందే జరుగు పొరపాట్లు

రైలులో పార్సెలు పంపువాడు దానిపై పేరును, ఊరును వ్రాయక పంపడు. రైలుతోడనే పెరిగిన దొనకొండ ప్రజలకు ఈ సంగతి వేరుగ చెప్పనక్కరలేదు. సరకునకు జరుగు ఈపాటి జాగ్రత్త, రోగి చేతినుండి తీసిన రక్తమునకు జరుగవలదా యని మేము ప్రశ్నించుచున్నాము.

గ్రామ ఆరోగ్యకేంద్రములలో తీసిన రక్తమును దూరపు ప్రయోగశాలలకు పంపు పద్ధతి, మన రాష్ట్రమున 2016లో ఆరంభమైన ఉచిత వైద్యపరీక్షల పథకముతో విస్తరించినది. పేదలకు ప్రయాణవ్యయము తప్పించు ఈ పద్ధతి మేలైనదే. కాని దూరము పెరిగినకొలది చేతులు మారును. చేతులు మారినకొలది పొరపాటునకు తావు హెచ్చును. పరీక్షలలో దొరలు తప్పులలో హెచ్చుపాలు, నమూనా యంత్రమును చేరకమునుపే సంభవించుచున్నవని పలుదేశముల పరిశోధకులు తేల్చియున్నారు.

రక్తమును వేరుచేయక నిలువయుంచినచో, అందలి కణములు చక్కెరను హరించుచునే యుండును. గంటకు నూటికి 5 మొదలు 7 వంతుల వరకు తగ్గవచ్చును. మధుమేహరోగికి జబ్బు అదుపులో నున్నదని కాగితము బొంకును. ఫ్లోరైడు నీటిచే ఎముకలు వంగిన ఈ సీమలో ఆ పేరు వినిననే భయము; కాని బూడిదరంగు మూతగల గొట్టములో ఆ ఫ్లోరైడే చక్కెర తరుగుదలను అరికట్టును. ఏ పరీక్షకు ఏ గొట్టమో యెరుగుట అంత ముఖ్యము. గొట్టమును గట్టిగ కుదిపినచో ఎఱ్ఱకణములు పగిలి, పొటాసియము లేనిహెచ్చు చూపును. మూత్రపిండముల రోగికి ఇది ప్రమాదకరమైన భ్రాంతి. క్షయపరీక్షకు కఫమునకు మారుగ ఉమ్మి పంపినచో రోగమే దాగిపోవును. ఒకరి గొట్టముపై మఱియొకరి పేరు పడెనా, ఎంత విలువగల యంత్రమైనను పరుని రక్తమునే చక్కగ కొలిచి చూపును!

మరల రక్తమిమ్మని పిలిచినచో కూలివానికి ఒకనాటి కూలి పోవును. పిలువకున్నచో వానికి తగని మందు పడును. సూది పట్టిన సోదరినే నిందించుట మా యుద్దేశము కాదు. ఒక్క చేతికి పదిపనులు అప్పగించి, తగిన శిక్షణ నీయని యేర్పాటునే మేము తప్పుపట్టుచున్నాము.

నివారణము వ్యయసాధ్యము కాదు. రోగిచేతనే పేరు చెప్పించి, వాని యెదుటనే గొట్టముపై వ్రాయవలెను. 2010లో ప్రపంచ ఆరోగ్యసంస్థ ప్రకటించిన సూత్రములును గొట్టముపై పేరు రోగి చెంతనే వ్రాయుమనుచున్నవి. తీసిన వేళను గుర్తింపవలెను. ఎండపాలు గాక, ఆయా పరీక్షకు తగిన ఉష్ణోగ్రతలో పంపవలెను. చెడిన నమూనాను త్రోసిపుచ్చు అధికారము ప్రయోగశాల కుండవలెను. నెలనెల ఎన్ని త్రోసిపుచ్చిరో, ఏ కారణమున త్రోసిపుచ్చిరో ఆరోగ్యకేంద్రపు గోడపై ప్రకటింపవలెను. తప్పును దాచుటయే అవమానముగాని, ఒప్పుకొనుట కాదు.

ప్రజలును ఊరకుండరాదు. "అమ్మా, నా పేరు వ్రాసితిరా?" యని యడుగుట అవిధేయత కాదు, అది రోగి హక్కు. కొత్త యంత్రములకు ప్రారంభోత్సవములు జరుపు ప్రభుత్వము, ఆ యంత్రమునకు ముందున్న చేతిని, త్రోవను, పెట్టెను గూడ చక్కదిద్దునుగాక!