ఆగే ముందు ఏమంది?

పెద్దమండ్యంలో ఓ జిరాక్స్ షాపు అనుకుందాం. అడంగల్ కోసం నలుగురు రైతులు నిలబడి ఉండగా కంప్యూటర్ ఠక్కున ఆగి, దానంతటదే మళ్లీ మొదలవుతుంది. రోజూ ఇదే తంతు. మదనపల్లె నుంచి వచ్చిన మెకానిక్ అడిగే మొదటి ప్రశ్న... ‘ఆగే ముందు తెర మీద ఏం కనిపించింది?’ ఎవరు చూశారు గనక! ఇక ర్యామ్ మార్చు, హార్డ్‌డిస్క్ మార్చు అంటూ అంచనా వైద్యం మొదలు. డబ్బు ఖర్చవుతుంది, జబ్బు మాత్రం అలాగే ఉంటుంది.

నిజానికి కంప్యూటర్ మౌనంగా ఏమీ ఉండదు. లినక్స్‌నే తీసుకోండి. స్విచ్ వేసింది మొదలు డిస్క్ దొరికింది, కీబోర్డు దొరికింది, ఫలానాది పలకడం లేదు అంటూ చెబుతూనే ఉంటుంది. ఆ సందేశాలన్నీ ర్యామ్‌లో కొద్దిపాటి చోట చేరతాయి. అది నిండితే పాతవి చెరిపేసి కొత్తవి రాసుకుంటుంది. కరెంటు పోతే మొత్తం పోతుంది. పలక మీద రాతన్నమాట. ‘డీమెసేజ్’ అనే కమాండ్ చూపించేది ఈ పలకనే. అందులో నిన్నటి సంగతి ఉండదు.

టమోటా మండీలో లెక్క చిట్టాకెక్కాల్సిందే కదా! లినక్స్‌లో 2011లో ప్రకటించిన ‘జర్నల్’ అలాంటి చిట్టాయే. తమాషా ఏమిటంటే, దాని అమరిక ‘ఆటో’లో ఉంటే, ‘వార్’లోని ‘లాగ్’లో ‘జర్నల్’ అనే ఫోల్డర్ ఉన్నప్పుడే డిస్క్ మీద రాస్తుంది. లేదంటే మళ్లీ ర్యామే గతి. ఆ ఒక్క ఫోల్డర్ లేక ఎన్ని ఆధారాలు గాలికి పోతాయో! అది ఉంటే ‘జర్నల్‌సీటీఎల్’ కమాండ్‌తో కిందటిసారి ఏం జరిగిందో చదవొచ్చు. ప్రతి బూట్‌కూ విడి గుర్తింపు ఉంటుంది కాబట్టి, మదర్‌బోర్డు బ్యాటరీ అయిపోయి తేదీలు తప్పినా ఒకదాని సందేశాలు మరోదాంట్లో కలవవు.

విండోస్ వాడేవారికి ఫోల్డర్ బెడద లేదు. ‘ఈవెంట్ వ్యూయర్’లోని ‘సిస్టమ్’ విభాగంలో 41 అనే నంబరు కనిపిస్తే, కిందటిసారి సరిగా షట్‌డౌన్ కాలేదని అర్థం.

అయితే జర్నల్ మామూలు సందేశాలను సాధారణంగా 5 నిమిషాలకోసారే డిస్క్‌కు గట్టిగా చేరుస్తుంది. తీవ్రమైన హెచ్చరికలను మాత్రం వెంటనే. కాబట్టి ఉన్నట్టుండి కరెంటు పోతే చివరి నాలుగు ముక్కలు దక్కకపోవచ్చు. అదీ ఒక ఆధారమే! షట్‌డౌన్ మాటే లేకుండా, ఏ హెచ్చరికా లేకుండా చిట్టా మధ్యలో తెగిపోయిందంటే, మెకానిక్ ర్యామ్ జోలికి వెళ్లే ముందు యూపీఎస్ బ్యాటరీని, వైర్లను చూడటం మేలు.