పల్లెకు వైద్యం

ఆరోగ్యమే మహాభాగ్యమన్నారు పెద్దలు. ఆ భాగ్యం పట్టణవాసులకు ఎంత అవసరమో పల్లెవాసులకూ అంతే అవసరం. అయితే ఆసుపత్రి భవనం కట్టినంత మాత్రాన రోగం నయం కాదు. అందులో వైద్యుడు, నర్సు నిలిచి పనిచేయాలి.

ఈ సత్యాన్ని వేలూరు చరిత్ర చక్కగా తెలుపుతుంది. డాక్టర్ ఐడా స్కడర్ అమెరికాలో వైద్యవిద్య ముగించి 1900లో వేలూరు చేరారు. 1902లో ఆసుపత్రి నెలకొల్పారు. గుడియాత్తం దారిలో బండి ఆపి, చెట్ల నీడన గ్రామస్థులకు చికిత్స చేసేవారు. కాని ఒక్కరి చేతులు ఎందరిని ఆదుకోగలవు? అందుకే ఆమె 1909లో నర్సులకు, 1918లో మహిళా వైద్యులకు శిక్షణ ప్రారంభించారు. అదే నేటి క్రైస్తవ వైద్య కళాశాలగా పెరిగింది.

ఒక సంస్థ ఒక ప్రాంతానికి మేలు చేయగలదు. ప్రతి పల్లెకూ వైద్యం అందించే శక్తి మాత్రం ప్రభుత్వానికే ఉంది. మైదాన ప్రాంతాలలో 30,000 మందికి ఒక ప్రాథమిక ఆరోగ్య కేంద్రం, 5,000 మందికి ఒక ఉపకేంద్రం ఉండాలని నియమం. ఉపకేంద్రపు నర్సు గర్భిణులను పరీక్షించాలి. పసిపిల్లలకు టీకాలు వేయాలి. ఆ ఉద్యోగం ఖాళీగా ఉంటే పొరుగు నర్సే రెండు చోట్ల పని మోయాలి. గర్భిణి రక్తపోటును సకాలంలో గుర్తించకపోతే ప్రమాదం తల్లికీ బిడ్డకూ కూడా.

వైద్యులకు సేవాభావం లేదని నిందించడం సులభం. కాని ఉండడానికి ఇల్లు, రాత్రివేళ రక్షణ, పిల్లలకు మంచి బడి లేనిచోట ఎవరు ఎంతకాలం నిలుస్తారు? కనుక ప్రభుత్వ నిధులు గోడలకన్న ముందు మనుషులకు చేరాలి. ఖాళీలను వెంటనే నింపాలి. కొండ గ్రామాలలో పనిచేసేవారికి అదనపు భత్యం ఇవ్వాలి. గ్రామసేవ చేసిన ప్రభుత్వ వైద్యులకు పై చదువులలో స్థానాలు కేటాయించే అధికారం రాష్ట్రాలకు ఉందని 2020లో సుప్రీంకోర్టు తీర్పు చెప్పింది. ఆ అధికారాన్ని పల్లెల మేలుకే వాడాలి.

అన్నిటికంటె ముఖ్యమైనది మరొకటి ఉంది. పల్లెలో పుట్టిన బాలబాలికలకు ఉపకార వేతనమిచ్చి వైద్యం, నర్సింగు చదివించాలి. చదువు ముగిశాక కొన్నేళ్ళు తమ ప్రాంతంలోనే పనిచేయాలని నియమం పెట్టాలి. ఊరి భాష, ఊరివారి కష్టం వారికి ఎవరూ నేర్పనక్కరలేదు.

ప్రభుత్వ ధనం ప్రజల ధనమే. పన్ను చెల్లించే నేతపనివారికీ, రైతుకూలీలకూ జబ్బు చేసిననాడు, తలుపు తట్టగానే పలికే వైద్యుడు వారి ఊరికి దగ్గరలో ఉండాలి. అది దయాధర్మం కాదు, వారి హక్కు.