మామయ్య జాబులు: ఒక ప్రశ్న, మూడు జవాబులు



ఈ మాసం నా బల్లమీద మూడు ఉత్తరాలు ఒకదానిపై ఒకటి వచ్చి పడ్డాయి. ఒకటి జనగామ నుండి, ఒకటి మహబూబాబాదు నుండి, మూడవది భూపాలపల్లి నుండి. 2016 వరకు ఈ మూడు ఊళ్ళూ వరంగల్లు జిల్లాలోనివే. ప్రశ్న కూడా ఒక్కటే: "మామయ్యా! మా ఇంటికి ఒక పిల్ల వచ్చింది. దానికి ఏం పెట్టాలి? ఎక్కడ ఉంచాలి?"

ప్రశ్న ఒకటే గాని, జవాబులు మాత్రం మూడు. ఎందుకో చూడండి.

జనగామ అబ్బాయికి వాళ్ళ మేనమామ హైదరాబాదులో కొని బియర్డెడ్ డ్రాగన్ పిల్లను తెచ్చి ఇచ్చాడట. జానెడు కూడా లేదట. ఇది ఆస్ట్రేలియా దేశపు ఎండు నేలల్లో పుట్టిన జాతి, మన తొండకు చుట్టం. భయం వేసినా, కోపం వచ్చినా గొంతు ఉబ్బించి నల్లగా చేస్తుంది. అదే దాని గడ్డం!

నాయనా, ముందుగా ఇల్లు. రెండడుగుల పొడవు పెట్టె ఇప్పటికి చాలు. పెద్దదయ్యాక నాలుగడుగులది కావాలి. అడుగున ఇసుక పోయవద్దు. పిల్ల దానిని మింగితే కడుపులో అడ్డుపడుతుంది. పాత వార్తాపత్రిక పరిస్తే చాలు, రోజూ మార్చవచ్చు. పెట్టెలో ఒక కొసన వేడిదీపం, దానికింద ఎక్కి కూర్చోవడానికి ఒక రాయి ఉండాలి. అక్కడ వేడి సుమారు 40 డిగ్రీలు. రెండవ కొస చల్లగా, 25 నుండి 28 డిగ్రీలు. రెండు కొసలెందుకు? దానికి మనలాగా ఒంట్లో వేడి పుట్టదు. వేడి కావాలంటే దీపం దగ్గరకు పోతుంది, చాలనుకుంటే ఇవతలికి వస్తుంది. చల్లని కొస లేకపోతే పాపం, ఎక్కడికి పోతుంది? రెండు కొసలా ఉష్ణమాపకం పెట్టి చూడు. వేసవిలో మీ గదే కాగిపోతుంటే వేడిదీపం ఆర్పివెయ్యి. రాత్రి దీపాలేవీ వద్దు.

వేడి ఒక్కటే చాలదు సుమా! ఎండలో అతినీలలోహిత కిరణాలు ఉంటాయి. అవి తగిలితేనే దాని ఒంట్లో డి విటమిను తయారవుతుంది. ఆ విటమిను ఉంటేనే తిన్న కాల్షియం ఎముకలకు పడుతుంది. లేకపోతే దవడ మెత్తబడుతుంది, కాళ్ళు వంకర పోతాయి. కిటికీ అద్దంలోనుండి వచ్చే ఎండలో ఆ కిరణాలు దాదాపు ఉండవు. అందుకని వాటికోసం వేరే దీపం అమ్ముతారు. ఆ దీపం వెలుగుతూనే ఉన్నా కొన్నాళ్ళకు కిరణాలు తగ్గిపోతాయి. కనుక పెట్టెమీద వ్రాసిన గడువు ప్రకారం మార్చాలి. గాజుపెట్టెను ఎండలో పెట్టావా, పొయ్యిమీద పెట్టినట్లే!

ఇక తిండి. పిల్లప్పుడు పురుగులు ఎక్కువ, ఆకులు తక్కువ. పెద్దయ్యాక ఆకులే ఎక్కువ. రోజుకు రెండు మూడుసార్లు చిన్న కీచురాళ్ళను వెయ్యి. పురుగు పొడవు దాని రెండు కళ్ళ మధ్య దూరాన్ని మించకూడదు. పావుగంటలో తిన్నంత తిననిచ్చి, మిగిలినవి తీసివెయ్యి. లేకపోతే రాత్రి అవే దానిని కొరుకుతాయి! పురుగులమీద కాల్షియం పొడి చల్లడం మరువకు. గుమ్మడికాయ తురుము, మందారపూలు పెట్టవచ్చు. పాలకూర రోజూ వద్దు, అది కాల్షియాన్ని ఒంటికి పట్టనివ్వదు. మీ పత్తిచేలలో పట్టిన మిడతలు మాత్రం అసలు వద్దు. వాటిమీద పురుగుమందు ఉంటుంది. పట్టుకున్న ప్రతిసారీ సబ్బుతో చేతులు కడుక్కో.

తల్లిదండ్రులకు ఒక మాట. ఈ ప్రాణి పదేళ్ళు బ్రతకవచ్చు. ఆరవ తరగతి పిల్లవాడు కాలేజీకి వెళ్ళాక దీనికి మేత వేసేది ఎవరు? అది ఇవాళే ఆలోచించండి. కొన్న రసీదు దాచి, నమోదు చేయించాలా అని అటవీశాఖ వారిని అడగండి. విసుగు పుట్టిందని మాత్రం చెట్లలో వదలకండి. అది ఈ నేలది కాదు.

మహబూబాబాదు అమ్మాయి మిరపచేను గట్టున తొండపిల్లను పట్టి సీసాలో పెట్టిందట. "రెండు రోజులైంది, ఏమీ తినడం లేదు, తల్లి లేదు కదా అని జాలివేసింది" అని వ్రాసింది.

అమ్మా, నీ జాలి మంచిదే. కాని తొండపిల్లకు తల్లి అవసరం లేదు. తల్లి మట్టిలో గుంట తవ్వి, గుడ్లుపెట్టి, మన్నుకప్పి వెళ్ళిపోతుంది. పిల్ల గుడ్డులోనుంచి వచ్చిన నాటినుండి తన వేట తానే వేటాడుకుంటుంది. సీసాలో దానికి వేట లేదు, నీడ లేదు, పరుగెత్తే దారి లేదు. అందుకే తినడం లేదు. ఈ పత్రిక వచ్చేదాకా ఆగకూడదని నీకు వెంటనే కార్డు వ్రాశాను. చల్లటిపూట, పట్టిన చోటనే, పొదకింద వదలమన్నాను. వదిలావని, అది వెనక్కు చూడకుండా పరుగెత్తిందని నీ జవాబు వచ్చింది. సంతోషం!

తొండ నెత్తురు పీలుస్తుందని రాళ్ళు వేసే పిల్లలున్నారు. జతకట్టే కాలంలో మగతొండ తల, గొంతు ఎర్రబడతాయి. అది రంగే గాని నెత్తురు కాదు. మన చేలలో పురుగుల్ని తినేది అది. తొండ ముదిరి ఊసరవెల్లి కావడం కూడా సామెతలోనే గాని చెట్టుమీద కాదు. అవి రెండూ వేరు వేరు జాతులు.

భూపాలపల్లి అన్నదమ్ములు తెచ్చింది ఉడుము పిల్లను. "కుక్కలనుండి కాపాడాము, పెంచుకుంటాము" అన్నారు. కాపాడినందుకు శభాష్! పెంచడం మాత్రం కుదరదు. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టంలో ఉడుము మొదటి షెడ్యూలులో ఉంది. దానిని పట్టినా, చంపినా, ఇంట్లో ఉంచినా నేరమే. మాంసానికీ, తోలుకూ వేటాడి వేటాడి మనుషులు దానికి ఈ గతి తెచ్చారు. మీ నాన్నగారితో చెప్పి అటవీశాఖ వారికి కబురు చెయ్యండి. వారు వచ్చేదాకా గాలి ఆడే పెట్టెలో, నీడలో, సద్దులేని చోట ఉంచండి. ముట్టుకోకండి. మీది ఉడుంపట్టు అని తెలుసు గాని, ఈసారి వదలడమే గొప్ప!

చూశారా? కొన్నదానిని చివరిదాకా పెంచాలి. పట్టినదానిని వదలాలి. అడవిదానిని అప్పగించాలి. మూడూ ప్రేమే.

ఈ నెల మీకొక పని. మీ దొడ్డిలో ఒక తొండను దూరంనుండి వారంరోజులు గమనించండి. ఎప్పుడు ఎండకు వచ్చింది, ఏం తిన్నది, ఎన్నిసార్లు తల ఊపింది? వ్రాసి పంపండి. పెట్టె అక్కరలేదు, ఓపిక చాలు.

మీ మామయ్య