ఒకే మాట రెండుచోట్ల రాస్తే

శాంటా క్లారాలో ఉంటూ "నాకు కంప్యూటర్ సంగతులు తెలియవు" అని చెప్పుకోవడం కాస్త ఇబ్బందే. ఇంట్లోంచి ఎటు బయల్దేరినా ఇంటెల్ ఆఫీసో, ఎన్విడియా భవనమో కనిపిస్తుంది. శనివారం ఎవరింటికి భోజనానికి వెళ్ళినా మాటలు సర్వర్ల దగ్గర మొదలై సర్వర్ల దగ్గరే ఆగుతాయి. నేను బీకాం చదివినదాన్ని. డెబిట్, క్రెడిట్ అంటే తెలుసు. డేటాబేస్ అనగానే మాత్రం లేచి వంటింట్లోకి వెళ్ళి గిన్నెలు సర్దే రకాన్ని.

అందుకే మా ఊరి మిషన్ కాలేజీలో బిజినెస్ కోర్సులు మొదలుపెట్టినప్పుడు, జాబితాలో ఇన్ఫర్మేషన్ సిస్టమ్స్ అన్న పేరు చూసి గుండె జారింది. అకౌంటింగ్ సరే, ఎకనామిక్స్ సరే, ఇదెందుకు నాకు?

"అది మా పనేగా, రాకపోతే నేను చెప్తాలే" అన్నారు మావారు. ఆయన మంచి మనసుతోనే అన్నారు. కానీ "అది వాళ్ళ పని" అనుకుంటూనే కదా నేను ఇక్కడ పదేళ్ళు గడిపేసింది!

మొదటి పాఠంలో బోర్డు మీద ఐదు మాటలు కనిపించాయి. హార్డ్‌వేర్, సాఫ్ట్‌వేర్, డేటా, మనుషులు, పని జరిగే పద్ధతి. ఈ ఐదూ కలిస్తేనే అది సిస్టమ్ అట. కంప్యూటర్ కొని బల్ల మీద పెట్టుకున్నంత మాత్రాన సిస్టమ్ వచ్చేసినట్టు కాదట.

నాకు వెంటనే మన సబ్ రిజిస్ట్రార్ ఆఫీసు గుర్తొచ్చింది. చిన్నప్పుడు నాన్నతో ఒకసారి వెళ్ళాను. దస్తావేజుల్ని పెద్ద పెద్ద పుస్తకాల్లోకి చేత్తో ఎక్కించేవారు. స్థలం మీద అప్పులూ తాకట్లూ ఏమీ లేవని ఈసీ కావాలంటే, ఎవరో ఒకరు ఆ పుస్తకాలన్నీ తిరగేసి వెతకాలి. 1998లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 'కార్డ్' అనే పథకంతో రిజిస్ట్రేషన్లను కంప్యూటర్లలోకి మార్చారు. దస్తావేజుల్ని స్కాన్ చేయడం, ఈసీని కంప్యూటర్‌లో వెతికి ఇవ్వడం మొదలైంది. రోజులు పట్టే పని బాగా తగ్గింది. అయితే ఆఫీసు బయట దస్తావేజు లేఖరులు మాత్రం అలాగే ఉన్నారు. ఏ కాగితం ముందు, ఏది వెనక, ఎవరిని అడగాలి అన్నది మామూలు మనిషికి అప్పటికీ తెలియదు మరి. యంత్రం మారింది, మనుషులూ పద్ధతీ అంత తొందరగా మారలేదు. ఐదు మాటల్లో చివరి రెండిటినీ ఎందుకు కలిపారో నాకు అక్కడ అర్థమైంది.

అసలు పాఠం మాత్రం క్లాసులో కాదు, నేను చేసిన తప్పు వల్ల వచ్చింది.

మా వారాంతపు తెలుగు బడి పిల్లల వివరాలు మూడేళ్ళుగా నేనే చూస్తున్నాను. ఒక ఎక్సెల్ ఫైలులో తరగతుల జాబితా, ఇంకో ఫైలులో పండగల భోజనాల జాబితా. పోయిన సెప్టెంబరులో ఒకావిడ తన కొడుకుకు పల్లీలు పడవని చెప్పింది. నేను వెంటనే రాసుకున్నాను, తరగతుల జాబితాలో. ఉగాది రోజు ప్లేట్లు అందిస్తున్న టీచరు చేతిలో ఉన్నది భోజనాల జాబితా. అందులో ఆ బాబు పేరు పక్కన గడి ఖాళీగా ఉంది. పులిహోర ప్లేటు వాడి ముందు పెట్టేశారు.

అదృష్టం, వాళ్ళమ్మ అటుగా వచ్చింది. ప్లేటు లాగేసుకుని నా వైపు చూసి, "ముందే చెప్పాను కదండీ!" అంది. గొంతు పెద్దది చేయలేదు. నాకు ఆ మాట ఈ రోజుకీ చెవుల్లో ఉంది. ఆవిడ చెప్పింది నిజం. నేను రాసింది నిజం. టీచరు జాబితా చూసే వడ్డించింది. ముగ్గురం మా పని మేం చేశాం, అయినా పిల్లవాడి ముందుకు పల్లీలు వచ్చాయి.

రెండు వారాల తర్వాత క్లాసులో డేటాబేస్ పాఠం. ఒకే విషయాన్ని రెండుచోట్ల రాసి ఉంచితే, ఏదో ఒక రోజు ఆ రెండూ రెండు వేర్వేరు మాటలు చెబుతాయని మొదటి వాక్యం. నా కథ వీళ్ళకెవరు చెప్పారా అనిపించింది.

ఈ చిక్కుకు దారి చూపించినాయన పనిచేసింది మా పక్కనే, శాన్ హోసేలో. ఐబీఎం పరిశోధనాశాలలో ఉన్న ఎడ్గర్ కాడ్ 1970లో ఒక వ్యాసం రాశారు. సమాచారాన్నంతా అడ్డువరసలూ నిలువువరసలూ ఉన్న పట్టికల్లో పెట్టండి, ఆ పట్టికల్ని ఒకదానితో ఒకటి కలపండి అన్నది అందులోని ఆలోచన. ఏ విషయానికైనా ఒకే చోటు ఉండాలని, మిగతావన్నీ అక్కడికి వెళ్ళి చూసుకోవాలని చెప్పే పద్ధతులు దాని నుంచే వచ్చాయి. ఆ ఆలోచనను పట్టుకుని 1977లో ముగ్గురు కలిసి ఇక్కడే శాంటా క్లారాలో ఒక చిన్న కంపెనీ పెట్టారు. అదే తర్వాత ఒరాకిల్ అయింది. "ఒరాకిల్‌లో చేస్తున్నాడు" అని మనం ఎన్ని పెళ్ళిచూపుల్లో విన్నాం! దాని వెనకున్న ఆలోచన ఒక పద్దుల పుస్తకమంత సులువైనదని ఎవరూ చెప్పలేదు.

ఇంటికొచ్చి మా బడి జాబితాను మళ్ళీ మొదటి నుంచి రాశాను. పిల్లలకొక పట్టిక, కుటుంబాలకొకటి, తరగతులకొకటి. ఏ పట్టికను దేనితో కలపాలన్నా ప్రతి పిల్లకూ ఒక గుర్తు కావాలి, ఇంకెవరికీ లేని గుర్తు. పేరు సరిపోదా అనుకున్నాను. మా బడిలో ఇద్దరు సాయిశ్రీలున్నారు. ఒకమ్మాయికి ఇంటిపేరు ముందుంది, ఇంకొకమ్మాయికి వెనక ఉంది. తల్లుల్లో కొందరు పెళ్ళయ్యాక ఇంటిపేరు మార్చుకున్నారు, కొందరు మార్చుకోలేదు. పుట్టినరోజు 4/7 అని రాస్తే అది ఏప్రిల్ 7 అని ఇక్కడివాళ్ళు, జులై 4 అని మనవాళ్ళు చదువుతారు. చివరికి ప్రతి పిల్లకూ ఒక నంబరు ఇచ్చాను.

మన పేర్లతో సిస్టమ్‌లు పడే అవస్థ మనలో చాలామందికి అనుభవమే. పాస్‌పోర్టులో ఇంటిపేరు గడి ఖాళీగా ఉంటే, అమెరికా వీసా మీద మన పేరు ఇంటిపేరు గడిలోకి వెళ్ళిపోయి, పేరు ఉండాల్సిన చోట ఎఫ్‌ఎన్‌యూ అని పడుతుంది. ఫస్ట్ నేమ్ అన్‌నోన్, అంటే పేరు తెలియదు అని. అమ్మానాన్నలు ముచ్చటపడి పెట్టిన పేరుండగా తెలియదంటుంది! ఇన్నాళ్ళూ అది మన లోపం అనుకుని సర్దుకుపోయాను. కాదు. మనిషికి రెండు పేర్లే ఉంటాయి, ఈ వరసలోనే ఉంటాయి అనుకుని ఎవరో గళ్ళు గీశారు. గడి గీసేవాళ్ళలో మనలాంటివాళ్ళు కూడా ఉండాలని ఇప్పుడనిపిస్తోంది.

మీలో ఎవరికైనా ఇటువైపు మనసుంటే రెండు ముక్కలు. హెచ్-4 మీద ఉన్నా చదువుకోవచ్చు, అందుకోసం వీసా మార్చుకోనక్కర్లేదు. కాలిఫోర్నియా కమ్యూనిటీ కాలేజీల్లో రాష్ట్ర నివాసులకు ఫీజు యూనిట్‌కు 46 డాలర్లు. మీకు నివాసి ఫీజు వర్తిస్తుందో లేదో కాలేజీ అడ్మిషన్ల ఆఫీసులో ముందే అడగండి, కానివాళ్ళకు బాగా ఎక్కువ అవుతుంది. కోడింగ్ అంటే భయమా? నేను చదివిన ఈ మొదటి కోర్సులో అది చాలా తక్కువ. ఎవరు ఏ సమాచారం ఇస్తారు, అది ఎక్కడ ఉంటుంది, ఎవరికి ఎప్పుడు కావాలి అని ఆలోచించడమే ఎక్కువ. ఇల్లు నడిపిన ఏ ఆడమనిషికీ ఇది కొత్త కాదు.

కొత్త జాబితా తయారయ్యాక ఆ బాబు వాళ్ళమ్మకు ఫోన్ చేశాను. పల్లీల సంగతి ఇప్పుడు ఒకేచోట ఉందని, ఏ జాబితా తీసినా అక్కడి నుంచే వస్తుందని కాస్త గొప్పగానే చెప్పాను. ఆవిడ అంతా విని, "మంచిదండీ. మరి మా వాడి ఆరోగ్యం సంగతి ఆ జాబితాలో ఎవరెవరు చూస్తారండీ?" అని అడిగింది.

నేను ఆలోచించనే లేదు. పాత ఫైళ్ళు రెండూ మా వాట్సాప్ గ్రూపులో అరవైమంది ముందు ఉన్నాయి. ఆ రాత్రే వాటిని తీసేశాను. ఈపాటికి ఎంతమంది ఫోన్లలో దిగిపోయాయో, వాటిని మాత్రం తీయలేను. వచ్చే వారం క్లాసులో పాఠం సమాచార భద్రత. ఈసారి వెనక వరసలో కూర్చోను. అడగాల్సిన ప్రశ్న నా దగ్గర ఉంది.